కంపెనీ ఇంట్రానెట్ రూపురేఖలు మార్చడం ఎలా: షేర్‌పాయింట్ సైట్‌కి అడుగడుగునా మార్గదర్శి

ప్రయాణ ఖర్చుల ఫారం కోసం ఒక సహోద్యోగి మా ఇంట్రానెట్, అంటే ఉద్యోగులకు మాత్రమే ఉండే కంపెనీ లోపలి సైట్, తెరిచింది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. హోమ్‌పేజీ పైభాగమంతా పెద్ద బొమ్మ, దాని మీద "మీ ప్రయాణ ఖర్చులు ఇక్కడ నమోదు చేయండి" అని తెల్లటి అక్షరాలు. ఆమె మౌస్ చక్రం తిప్పుతూ కిందికి వెళ్లింది, పైకి వచ్చింది, మళ్లీ కిందికి వెళ్లింది. మూడుసార్లు ఆ బొమ్మ మీదుగా పోయినా దాని మీద ఒక్కసారీ కన్ను ఆగలేదు. చివరికి మెయిల్ తెరిచి, ఎప్పుడో ఎవరో పంపిన లింకు వెతికి పట్టుకుని ఫారం నింపింది. ఆ బ్యానర్ చేసింది నేనే. రెండు రోజులు పట్టింది.

ఈ పోకడకు పేరు కూడా ఉంది. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్‌వే, లేన్ 1998లో దీన్ని గమనించి "బ్యానర్ అంధత్వం" అన్నారు. ప్రకటనలా కనిపించేదాన్ని కన్ను తనంతట తానే దాటేస్తుంది. ఎంత పెద్దగా పెడితే అంత ప్రకటనలా కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి నేను పని చేసే వరుస మార్చుకున్నాను. చాలామంది థీమ్ రంగులతో మొదలుపెట్టి, లోగో పెట్టి, ఆ తర్వాత మిగిలిన చోట లింకులు సర్దుతారు. ఈ మార్గదర్శిలో ముందు పనులు, తర్వాత మెనూ, తర్వాత పేజీ అమరిక, వాటన్నిటి తర్వాతే రంగులు వస్తాయి. ఉదాహరణలన్నీ షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌వి, అంటే కంపెనీ లోపలి సైట్లు కట్టుకునే మైక్రోసాఫ్ట్ వేదికవి; అందులోనూ ఇప్పటి కొత్త తరహా 'మోడర్న్' పేజీలవి. మీరు వేరే వేదిక వాడుతుంటే బటన్ల పేర్లు మారతాయి గానీ వరుస మారదు.

1. జనం దేనికోసం వస్తున్నారో లెక్క తీయండి

ఒక కాగితం మీద పది పనులు రాయండి: ఉద్యోగులు ఇంట్రానెట్‌కి వచ్చేది ఏ పది పనుల కోసం? మీకు తోచినవి రాస్తే ప్రయోజనం లేదు, లెక్క తేలినవే రాయాలి.

మొదటి లెక్క సైట్ యూసేజ్ నివేదికలో ఉంటుంది. పైన కుడి మూలలో ఉండే సెట్టింగ్స్ పళ్లచక్రం నొక్కితే ఆ జాబితాలో కనిపిస్తుంది. గత 7, 30, 90 రోజుల్లో ఎంతమంది వచ్చారో, ఏ పేజీలు ఎక్కువ చూశారో చెబుతుంది. నేను 90 రోజులదే తీసుకుంటాను. వారం రోజుల లెక్కయితే అది జీతాలు పడే వారమా, వరుస సెలవుల వారమా అన్నదాన్ని బట్టి ఊగిపోతుంది. రెండో లెక్క హెల్ప్‌డెస్క్ దగ్గర ఉంటుంది. "ఫలానా ఫారం ఎక్కడుంది?" అని వచ్చిన ప్రతి టికెట్టూ మీ మెనూలో ఒక తప్పిపోయిన దారిని చూపిస్తుంది.

మూడోదే అన్నిటికంటే విలువైనది. వేర్వేరు విభాగాల నుంచి ఐదుగురిని పిలిచి, "సెలవు పెట్టండి", "కొత్త ల్యాప్‌టాప్ అడగండి" లాంటి పనులు ఇచ్చి, పక్కన కూర్చుని చూడండి. ఇలాంటి పరీక్షకు ఐదుగురు సరిపోతారని వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే వాదించారు. నా అనుభవంలోనూ నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి చూసిన తడబాటే మళ్లీ కనిపిస్తుంది. మీరు నోరు మెదపకూడదు. "అదిగో, పైనుంది కదా" అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. అనేశారంటే ఆ పరీక్ష అక్కడితో చెడిపోయినట్టే. ఏ మాట కోసం వెతుకుతున్నారో, మొదట ఎక్కడ నొక్కారో, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నారో రాసుకోండి. ఆ కాగితాలు దాచుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతాయి.

2. ఏ రకం సైట్, ఎక్కడ ప్రయోగం

షేర్‌పాయింట్‌లో రెండు రకాల సైట్లున్నాయి. టీమ్ సైట్ కలిసి పని చేసుకునే బృందానిది, మెనూ మామూలుగా ఎడమవైపు ఉంటుంది. కమ్యూనికేషన్ సైట్ కొద్దిమంది రాసి చాలామంది చదివేది, మెనూ పైన అడ్డంగా ఉంటుంది. కంపెనీ ఇంట్రానెట్ ముఖద్వారానికి కమ్యూనికేషన్ సైటే తగినది. బృందాల సైట్లు దాని వెనక ఉంటాయి.

సైట్లు నాలుగైదు దాటితే వాటన్నిటినీ ఒక హబ్ సైట్ కిందికి చేర్చండి. హబ్‌లో చేరిన సైట్లకు హబ్ థీమ్ వస్తుంది, పైన అన్నిటికీ ఉమ్మడి మెనూ వస్తుంది, వాటిలోని వార్తలన్నీ ఒకచోట చూపించుకోవచ్చు. ఒక్కో సైట్‌కి వేరుగా రంగులు వేస్తూ కూర్చునే బాధ తప్పుతుంది. హబ్‌లో చేర్చినంత మాత్రాన ఎవరు ఏది చూడగలరన్న అనుమతులు వాటంతట అవి మారిపోవు. ఈ భయంతో చేరడానికి వెనకాడే విభాగాలను చాలా చూశాను, వాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

ఇక ప్రయోగాల సంగతి. పేజీలో చేసే మార్పులు మీరు పబ్లిష్ చేసేదాకా డ్రాఫ్ట్‌గానే ఉంటాయి. హెడర్ (ప్రతి పేజీ పైన ఉండే పట్టీ), మెనూ, థీమ్ అలా కాదు. సేవ్ నొక్కిన క్షణం నుంచే అందరికీ కనిపిస్తాయి, మధ్యలో డ్రాఫ్ట్ అన్నదే లేదు. అందుకని ఖాళీ కమ్యూనికేషన్ సైట్ ఒకటి పరీక్ష కోసం తయారు చేసుకోండి. అసలు సైట్ మెనూ, లోగో అందులోకి ఎక్కించి, అక్కడే తిప్పలు పడండి. ఈ పనులన్నిటికీ సైట్ ఓనర్ హక్కులు కావాలి. అవి లేకపోతే పళ్లచక్రం జాబితాలో 'ఛేంజ్ ది లుక్' కనిపించదు.

3. మెనూ: ఉద్యోగుల మాటల్లో కట్టండి

ఇంట్రానెట్ మెనూలు ఎక్కువగా కంపెనీ విభాగాల పట్టికకు నకలుగా ఉంటాయి: హెచ్‌ఆర్, ఫైనాన్స్, ఐటీ, అడ్మిన్. నిర్మించేవాళ్లకు ఇది సులువు, ఎందుకంటే ఏ విభాగం ఏ పేజీ రాయాలో తేలిపోతుంది. వాడేవాడికి మాత్రం ముందు ఒక చిక్కుప్రశ్న వేసినట్టవుతుంది. బీమా కార్డు హెచ్‌ఆర్ ఇస్తుందా, ఫైనాన్స్ ఇస్తుందా? అది తెలిస్తే తప్ప తలుపు తెరుచుకోదు.

కార్డుల పద్ధతితో దీన్ని విప్పవచ్చు. మొదటి అడుగులో తేలిన పనుల్ని, ముఖ్యమైన పేజీల్ని ఒక్కో కార్డు మీద ఒక్కోటి రాయండి, 30 నుంచి 40 కార్డులు వస్తాయి. మనిషికి ఆ కట్ట ఇచ్చి, కలిసి ఉండాలనిపించినవి ఒక కుప్పగా పెట్టమనండి, కుప్పకు పేరు కూడా వాళ్లనే పెట్టమనండి. ఈ పరీక్షకు 15 మంది కావాలని నీల్సన్ 2004లో సూచించారు. అందరూ దొరక్కపోతే దొరికినంతమందితోనే మొదలుపెట్టండి, అసలు చేయకపోవడం కంటే నయం.

నేను చేసినప్పుడు జీతం స్లిప్పు, ప్రయాణ ఖర్చులు, బీమా కార్డు, పన్ను కాగితాలు ఒకే కుప్పలో పడ్డాయి. మా పాత మెనూలో అవి మూడు వేర్వేరు విభాగాల కింద ఉండేవి. కుప్పకు వాళ్లు పెట్టిన పేరు "నా డబ్బులు". అధికారికంగా వినిపించదని పైవాళ్లు ఒప్పుకోలేదు, కొన్నాళ్లు మాట్లాడుకున్నాక "జీతం, ఖర్చులు" దగ్గర స్థిరపడ్డాం. మంచి రాజీయే అది, చదవగానే లోపల ఏముందో తెలుస్తుంది.

పేర్లు తేలాక మెనూ కట్టడం తేలిక. మెనూ చివర ఉండే 'ఎడిట్' నొక్కండి. అంశాల మధ్య మౌస్ పెడితే కూడిక గుర్తు వస్తుంది, అక్కడ కొత్త లింకు చేర్చవచ్చు. ఒక అంశాన్ని ఇంకోదాని కిందికి జరపాలంటే పక్కనున్న మూడు చుక్కల్లో 'మేక్ సబ్ లింక్' ఎంచుకోండి. మొత్తం మూడు అంతస్తులదాకా వెళ్లవచ్చు. లింకు లేని ఉత్త శీర్షిక కావాలంటే రకం దగ్గర 'లేబుల్' పెట్టండి.

తర్వాత మెగా మెనూయా, క్యాస్కేడింగా అన్న ప్రశ్న. మెగా మెనూలో మూడు అంతస్తులూ ఒకే పలకలో పరుచుకుని కనిపిస్తాయి. క్యాస్కేడింగ్‌లో ఒకదాని పక్కన ఒకటి తెరుచుకుంటూ పోతాయి, మౌస్ కాస్త పక్కకి జరిగితే మొత్తం మూసుకుపోతుంది. చేయి వణికేవాళ్లకు, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ వాడేవాళ్లకు ఇది నరకం. మూడో అంతస్తు ఉందంటే నేను మెగా మెనూయే పెడతాను. పై వరుసలో ఆరేడు అంశాలు దాటకుండా చూసుకోండి. చిన్న తెర మీద మిగిలినవి చుక్కల వెనక దాక్కుంటాయి, అలా దాక్కున్నవాటిని వెతికేవాళ్లు తక్కువ.

హబ్ మెనూ, సైట్ మెనూ రెండూ పెట్టినప్పుడు ఒక చిక్కుంది. రెండు వరుసల్లోనూ "హోమ్", "వార్తలు", "డాక్యుమెంట్లు" అని ఉంటే ఎవరికైనా తల తిరుగుతుంది. కంపెనీ మొత్తానికి పనికొచ్చేవి హబ్ మెనూలో, ఆ సైట్‌లోనే ఉన్నవి సైట్ మెనూలో పెట్టండి. ఒకే మాట రెండు చోట్లా రాకూడదు.

మెనూ అంశాల్ని కొందరికే కనిపించేలా చేయడానికి 'ఆడియన్స్ టార్గెటింగ్' ఉంది. మెనూ ఎడిట్ చేసేటప్పుడు స్విచ్ వేసి, ఒక్కో లింకుకీ గ్రూపు పేరు ఇవ్వాలి. మేనేజర్ల ఫారాలు మేనేజర్లకే కనిపిస్తే మిగతావాళ్లకు మెనూ తేలికపడుతుంది. అయితే ఇది కేవలం కనిపించకుండా చేస్తుంది, తాళం వేయదు. లింకు తెలిసినవాడు నేరుగా వెళ్లగలడు, వెతుకులాటలోనూ ఆ పేజీ వస్తుంది. రహస్యంగా ఉండాల్సినదానికి పేజీ మీద, ఫోల్డర్ మీద అనుమతులే మార్చాలి. ఈ రెండింటినీ ఒకటనుకుంటే జరగరానివి జరుగుతాయి.

తెలుగులో కూడా పేర్లు పెడుతుంటే ఇంకో మాట. మన మాటలు చోటు ఎక్కువ తీసుకుంటాయి, కిందికి ఒత్తులు దిగుతాయి. "స్త్రీ సంక్షేమ కార్యక్రమాలు" లాంటి పేరు ఇరుకైన బటన్‌లో పెడితే ఒత్తు తెగి, అక్షరం వేరేదిలా కనబడవచ్చు. ఏ పేరునైనా ఫోన్ తెర మీద చూశాకే ఖాయం చేయండి. తెగితే ఫాంటుతో కుస్తీ పట్టేకంటే పేరు కుదించుకోవడమే మేలు.

4. హెడర్, లోగో

పళ్లచక్రం, ఛేంజ్ ది లుక్, హెడర్. నాలుగు అమరికలుంటాయి: మినిమల్, కాంపాక్ట్, స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్. మినిమల్‌లో చిన్న లోగో, సైట్ పేరు, మెనూ అన్నీ ఒకే వరుసలో సర్దుకుంటాయి. ఎక్స్‌టెండెడ్ అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది, వెనక బొమ్మ పెట్టుకునే వీలుంది. ఆ బొమ్మ కొలత 2560 బై 164 పిక్సెళ్లు.

ఎత్తైన హెడర్ చూడ్డానికి బాగుంటుంది. కానీ అది ప్రతి పేజీలోనూ పైన కూర్చుంటుంది. పదమూడు అంగుళాల ల్యాప్‌టాప్ మీద బ్రౌజర్ పట్టీలు, షేర్‌పాయింట్ పైపట్టీ, హబ్ మెనూ పోగా మిగిలే చోటే తక్కువ, దానిలో ఇంకో ముక్క దీనికి పోతుంది. నా ఎంపిక కాంపాక్ట్. హబ్ కింది చిన్న సైట్లకు మినిమల్.

లోగోలు రెండు అడుగుతుంది. సైట్ లోగో ఎత్తు 64 పిక్సెళ్లు, వెడల్పు 192 దాకా ఉండవచ్చు. లోగో థంబ్‌నెయిల్ మాత్రం 64 బై 64 చదరం. చాలామంది రెండో దాన్ని వదిలేస్తారు. సైట్ల జాబితాల్లో, కార్డుల్లో కనిపించేది అదే. పొడవాటి లోగోను చదరంలో ఇరికించకండి, అందులోంచి గుర్తు ఒక్కటే కత్తిరించి పెట్టండి. వీలైతే ఎస్‌వీజీ ఫైలు ఇవ్వండి, ఏ తెర మీదైనా అంచులు పదునుగా ఉంటాయి. వెనక రంగు లేని పీఎన్‌జీ అయినా పర్వాలేదు.

5. హోమ్‌పేజీ అమరిక

ఇక్కడ తొందరపడకండి, అసలు పనంతా ఇక్కడే ఉంది.

పాత హోమ్‌పేజీని ముట్టుకోకుండా మొదలుపెట్టండి. పేజీ పైన 'న్యూ' నొక్కి 'కాపీ ఆఫ్ దిస్ పేజ్' ఎంచుకుంటే నకలు తయారవుతుంది. డ్రాఫ్ట్‌గా ఉన్నంతకాలం మార్చే హక్కున్నవాళ్లకే కనిపిస్తుంది. అంతా తయారయ్యాక పబ్లిష్ చేసి, సైట్ కంటెంట్స్‌లోని సైట్ పేజెస్ లైబ్రరీకి వెళ్లి, దాన్ని ఎంచుకుని 'మేక్ హోమ్‌పేజ్' నొక్కితే చాలు. ఏదైనా తేడా వస్తే పాత పేజీని మళ్లీ హోమ్‌పేజీ చేసేస్తారు, ఒక నిమిషం పని. ఒక్క జాగ్రత్త: పాత పేజీ చిరునామాను బుక్‌మార్క్ చేసుకున్నవాళ్లు పాతదాని దగ్గరికే వెళతారు. మార్పు ఖాయమయ్యాక పాత పేజీలోని సరుకంతా తీసేసి కొత్తదానికి ఒక లింకు మాత్రం ఉంచండి.

ఇప్పుడు కాగితం మీద పేజీ గీయండి. మొదటి తెరలో, అంటే కిందికి జరపకుండా కనిపించే భాగంలో, మీ పది పనుల్లో కనీసం ఆరు ఉండాలి. నేను మొదటి సెక్షన్‌లో క్విక్ లింక్స్ వెబ్ పార్ట్ (వెబ్ పార్ట్ అంటే పేజీలో పెట్టుకునే సిద్ధమైన ముక్క) పెడతాను. దానికి కాంపాక్ట్, ఫిల్మ్‌స్ట్రిప్, గ్రిడ్, బటన్, లిస్ట్, టైల్స్ అని ఆరు అమరికలున్నాయి. బటన్ అమరికలో పక్కన చిన్న గుర్తు, కింద ఒక వరుస వివరణ పెట్టవచ్చు. "సెలవు దరఖాస్తు" కింద "మిగిలిన సెలవులు కూడా ఇక్కడే చూడవచ్చు" అని రాస్తే అడగాల్సిన ఇంకో ప్రశ్న తగ్గుతుంది. ఫిల్మ్‌స్ట్రిప్ మాత్రం వద్దు. పక్కకి జరిపితే తప్ప సగం లింకులు కనిపించవు.

హీరో వెబ్ పార్ట్, అదే పైన పెద్ద బొమ్మల పలక, తీసేయాలా? పూర్తిగా తీసేయమనను. కంపెనీలో ఏం జరుగుతోందో ఒక చూపులో తెలియాలి, కొత్తవాళ్లకు సొంతమన్న భావన రావాలి. ఐదు టైల్స్‌దాకా పెట్టే వీలున్నా రెండు మూడుకే పరిమితం చేసి, క్విక్ లింక్స్ కిందికి దింపండి. దాని మీద వార్తలే పెట్టండి, పనులు పెట్టకండి. ఆ రోజు నా సహోద్యోగి దాటిపోయింది అందుకే: పని వెతుక్కునే కన్ను బొమ్మను వార్త అనుకుంటుంది.

సెక్షన్ చేర్చడానికి పేజీ ఎడిట్ చేసేటప్పుడు ఎడమ అంచున కూడిక గుర్తు వస్తుంది. ఒక నిలువు, రెండు నిలువులు, మూడు నిలువులు, మూడింట ఒక వంతు ఎడమ లేదా కుడి, మొత్తం వెడల్పు అని రకాలుంటాయి. నేను తరచుగా చేసే కూర్పు చెబుతాను. మొదట ఒక నిలువు సెక్షన్‌లో క్విక్ లింక్స్. దాని కింద మూడింట ఒక వంతు కుడి సెక్షన్: వెడల్పైన ఎడమ భాగంలో న్యూస్ వెబ్ పార్ట్, ఇరుకైన కుడి భాగంలో ఈవెంట్స్. దాని కింద హైలైటెడ్ కంటెంట్ వెబ్ పార్ట్, ఈ మధ్య మారిన విధానాలు, ఫారాలు తనంతట తానే తెచ్చి చూపించేలా. చివర సంప్రదించాల్సిన మనుషులు, పీపుల్ వెబ్ పార్ట్‌లో. అంతే, నాలుగు సెక్షన్లు.

న్యూస్ వెబ్ పార్ట్‌లో 'న్యూస్ సోర్స్' దగ్గర హబ్‌లోని అన్ని సైట్లనీ ఎంచుకుంటే, ఒక్కో విభాగం తన సైట్‌లో రాసిన వార్త ముఖద్వారంలోకి దానంతట అదే వస్తుంది. ఎవరో ఒకరు రోజూ నకలు తీసి అతికించే పని ఉండదు. ఇంట్రానెట్లు పాతబడిపోవడానికి ఈ అతికించే పనే పెద్ద కారణం. అది చేసే మనిషి సెలవు పెట్టిన వారం నుంచి పేజీ ఎండిపోతుంది.

ఫోన్‌లో ఏమవుతుందో ఇప్పుడే ఊహించుకోవాలి. నిలువులు పక్కపక్కన ఉండలేక ఒకదాని కింద ఒకటి చేరతాయి. ముందు ఎడమ నిలువులోని సరుకంతా, తర్వాత కుడిది. ఎడమ నిలువులో ఎనిమిది వార్తలు పెట్టి, కుడి నిలువులో అత్యవసర ఫోన్ నంబర్లు పెట్టారనుకోండి. కంప్యూటర్ మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఫోన్‌లో ఆ నంబర్లు ఎనిమిది వార్తలు దాటాక వస్తాయి. ఫ్యాక్టరీలో, గోదాములో, రోడ్డు మీద పనిచేసేవాళ్లకు ఫోనే ఇంట్రానెట్. వాళ్లకు అవసరమైనది ఎడమవైపో, పైనో ఉండాలి. పేజీ పక్కన నిలువునా సాగే వర్టికల్ సెక్షన్ కూడా చిన్న తెర మీద మామూలుగా అట్టడుక్కి పోతుంది, అక్కడ ముఖ్యమైనదేదీ పెట్టకండి.

సెక్షన్ల వెనక రంగుకు నన్, న్యూట్రల్, సాఫ్ట్, స్ట్రాంగ్ అని స్థాయిలున్నాయి. స్ట్రాంగ్ పేజీకి ఒక్కసారి మించి వాడకండి. ఒకటి న్యూట్రల్, ఒకటి ఖాళీ అని మార్చి మార్చి వేస్తే గీతలు గీయకుండానే భాగాలు విడివిడిగా కనిపిస్తాయి.

6. రంగులు, థీమ్

ఇప్పుడు రంగుల డబ్బా తెరవవచ్చు. ఛేంజ్ ది లుక్‌లో థీమ్ నొక్కితే సిద్ధంగా ఉన్నవి కనిపిస్తాయి. కంపెనీ సొంత రంగులే అన్ని సైట్లలోనూ కావాలంటే షేర్‌పాయింట్ అడ్మిన్ సాయం కావాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లూయెంట్ యూఐ వాళ్ల థీమ్ డిజైనర్ పేజీలో ముఖ్య రంగు, అక్షరాల రంగు, వెనక రంగు ఇస్తే మిగతా ఛాయలన్నీ అదే తయారు చేసి ఇస్తుంది. ఆ వరుసను అడ్మిన్ పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసి నడిపే మైక్రోసాఫ్ట్ పరికరం) 'యాడ్ ఎస్‌పీఓ థీమ్' ఆదేశంతో ఎక్కిస్తారు. ఆపై అన్ని సైట్లలోనూ ఆ థీమ్ పేరు కనిపిస్తుంది. 'సెట్ ఎస్‌పీఓ హైడ్ డిఫాల్ట్ థీమ్స్' ఆదేశంతో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన థీమ్‌లను దాచేయవచ్చు కూడా. ఇలా దాచితే ఒక్కో విభాగం ఒక్కో రంగు పూసుకోవడం ఆగుతుంది.

కంపెనీ రంగును ఉన్నదున్నట్టు ముఖ్య రంగుగా ఇచ్చేముందు ఒక పరీక్ష చేయండి. లోగో రంగును ఎంచినవాళ్లు అది బోర్డు మీద ఎలా వెలుగుతుందో చూశారు. దాని మీద చిన్న అక్షరాలు చదవగలమా అన్నది వేరే ప్రశ్న. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి, కనీసం 18 పాయింట్లున్న పెద్ద అక్షరాలకు, కనీసం 14 పాయింట్లున్న బొద్దు అక్షరాలకు 3:1 చాలు. తేడాను లెక్కగట్టే ఉచిత పరికరాలు వెబ్‌లో ఎన్నో ఉన్నాయి, రెండు రంగుల సంకేతాలిస్తే అంకె చెప్పేస్తాయి.

అంకెలు ఎంత సున్నితంగా ఉంటాయో చూడండి. తెల్లటి పేజీ మీద #767676 బూడిదరంగు అక్షరాలకు 4.54 వస్తుంది, గట్టెక్కుతుంది. #777777కి 4.48, తప్పుతుంది. కంటితో ఈ రెండింటి మధ్య తేడా పట్టడం ఎవరివల్లా కాదు, కాబట్టి "నాకు బాగానే కనిపిస్తోంది" అన్న మాట ఇక్కడ చెల్లదు. డిజైనర్లు "సున్నితంగా ఉంటుంది" అని ఇష్టపడే #999999కి వచ్చేది 2.85 మాత్రమే. తెలుపు మీద పచ్చి పసుపుకి 1.07, ఉన్నా లేనట్టే. కంపెనీ రంగు పసుపో, లేత నారింజో అయితే దాన్ని లోగోలో, సన్నటి గీతల్లో ఉంచుకుని, లింకులకూ బటన్లకూ ముదురు రంగు ఎంచండి.

ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని వాళ్లు ప్రతి పెద్ద కార్యాలయంలోనూ ఉంటారు. "ఆకుపచ్చవి ఆమోదం పొందినవి" అని రంగు ఒక్కదానితోనే చెప్పకండి, పక్కన మాట కూడా రాయండి. కళ్లతో చూడలేని సహోద్యోగులు తెర చదివే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతారు. వాళ్లకోసం ప్రతి బొమ్మకూ ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, ఇవ్వండి, శీర్షికల్ని ఉత్త బోల్డ్ చేయకుండా టెక్స్ట్ వెబ్ పార్ట్‌లోని హెడింగ్ శైలులతోనే పెట్టండి. ఆ సాఫ్ట్‌వేర్ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ చదువుతుంది. బోల్డ్ అక్షరాలు దానికి శీర్షికలు కావు.

7. ఫుటర్

పేజీ అడుగున ఉండే ఈ పట్టీ కూడా ఛేంజ్ ది లుక్‌లోనే ఉంటుంది. హెల్ప్‌డెస్క్, గోప్యతా విధానం, సైట్ చూసుకునేవారిని సంప్రదించే లింకు. ఇంతకు మించి పెట్టకండి.

8. బొమ్మల బరువు

కెమెరా నుంచి తీసిన ఫోటో ఐదారు ఎంబీలుంటుంది. అలాంటివి మూడు పెడితే బలహీనమైన నెట్ ఉన్న శాఖలో పేజీ తెరుచుకోవడానికి పట్టే సమయంలో మనిషి విసిగి వెళ్లిపోతాడు. నేను 300 కేబీ దాటనివ్వను. 16:9 నిష్పత్తిలో కత్తిరించుకుంటే చాలా వెబ్ పార్ట్‌లలో తల తెగకుండా సర్దుకుంటుంది. బొమ్మలోనే అక్షరాలు చెక్కించకండి: వెతుకులాటకు దొరకవు, ఫోన్‌లో చదవలేం, అనువదించలేం.

పేజీ నెమ్మదిగా ఉందనిపిస్తే క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే పేజ్ డయాగ్నస్టిక్స్ ఎక్స్‌టెన్షన్ వేసి నడపండి. ఏ బొమ్మ బరువో, ఏ వెబ్ పార్ట్ ఆలస్యం చేస్తోందో వేలు పెట్టి చూపిస్తుంది.

9. ఇంకా మార్చాలనిపిస్తే

"ఈ గీత కొంచెం సన్నగా ఉంటే బాగుండు, పైపట్టీ తీసేస్తే బాగుండు" అని ఎవరో ఒకరు అడుగుతారు. పాత క్లాసిక్ సైట్లలో మాస్టర్ పేజీ (అన్ని పేజీలకూ ఉమ్మడి మూస) మార్చి, సీఎస్ఎస్ (రూపురేఖలు నిర్దేశించే కోడ్) రాసి అలా చేసేవాళ్లం. మోడర్న్ పేజీల్లో మాస్టర్ పేజీ మార్పులు పనిచేయవు. దొడ్డిదారిన సీఎస్ఎస్ ఎక్కించే ఉపాయాలు ఉన్నా వాటి జోలికి పోకండి. పేజీ లోపలి నిర్మాణాన్ని మైక్రోసాఫ్ట్ ముందు చెప్పకుండా ఎప్పుడైనా మార్చవచ్చు. మారిన రోజు మీ సీఎస్ఎస్ దేన్ని దాచబోయి దేన్ని దాస్తుందో తెలియదు. ఒక ఉదయం సెర్చ్ పెట్టె మాయమైపోయిన సైట్‌ను నేను చూశాను, కారణం దొరకడానికి సగం రోజు పట్టింది.

నిజంగా అవసరమైతే షేర్‌పాయింట్ ఫ్రేమ్‌వర్క్ ఉంది, సొంత కోడ్ చేర్చుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన అధికారిక మార్గం. దాని అప్లికేషన్ కస్టమైజర్‌తో పేజీ పైన, కింద కేటాయించిన చోట్లలో మీ సొంత పట్టీ పెట్టుకోవచ్చు. దానికి డెవలపర్ కావాలి, ఏళ్ల తరబడి దాన్ని చూసుకునే మనిషి కూడా కావాలి. ఆ మనిషి పేరు ముందే చెప్పగలిగితేనే మొదలుపెట్టండి.

10. పరీక్ష, విడుదల, ఆ తర్వాత

దాచుకున్న కాగితాలు ఇప్పుడు తీయండి. అవే పనులు, వేరే ఐదుగురు మనుషులు, కొత్త పేజీ. ముందు తడబడిన చోట ఇప్పుడు నేరుగా వెళ్తున్నారా? కొత్తగా ఎక్కడైనా ఆగుతున్నారా? కనీసం ఇద్దరి చేత ఫోన్ మీద చేయించండి. ఒక్కరి చేత మౌస్ లేకుండా, ట్యాబ్ మీటతో మాత్రమే మెనూ చివరిదాకా వెళ్లమనండి.

విడుదలకు నెల మొదటి రోజులు, జీతాల రోజులు మంచివి కావు. అందరికీ హడావిడి ఉండే సమయంలో అలవాటైన దారి మూసేస్తే కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే. వారం మధ్యలో ఒక నెమ్మది రోజు చూసుకోండి. ముందురోజు మెయిల్‌లో "కొత్త రూపం వస్తోంది" అని గొప్పగా రాసేకంటే, "సెలవు ఫారం ఇంతకుముందు ఇక్కడ ఉండేది, ఇప్పుడు ఇక్కడ ఉంది" అని పది పనులకూ పది వరుసలు రాయండి.

పాత పేర్లకు అలవాటు పడ్డవాళ్లు వాటితోనే వెతుకుతారు. మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లో అడ్మిన్ బుక్‌మార్క్‌లు పెట్టే వీలుంది: ఒక లింకుకు కొన్ని కీలక పదాలు జోడిస్తే, ఆ మాట టైప్ చేసిన వెంటనే ఫలితాల పైభాగంలో ఆ లింకు వస్తుంది. పాత మెనూ పేర్లు, విభాగాల పొట్టి పేర్లు, జనం తప్పుగా రాసే రూపాలు కూడా అందులో చేర్చండి. మెనూ ఎంత బాగా కట్టినా కొందరు నేరుగా సెర్చ్ పెట్టెకే వెళ్తారు, వాళ్లకీ దారి ఉండాలి కదా.

విడుదలైన 30 రోజులకు సైట్ యూసేజ్ మళ్లీ చూడండి, 90 రోజులకు ఇంకోసారి. క్విక్ లింక్స్‌లో ఎవరూ నొక్కనిది ఉంటే తీసేసి, హెల్ప్‌డెస్క్ టికెట్లలో కొత్తగా కనిపిస్తున్నది ఆ చోట పెట్టండి. ప్రతి ముఖ్య పేజీకీ బాధ్యుడైన మనిషి పేరు పేజీ అడుగున రాసి ఉంచండి, ఆ మనిషి ఉద్యోగం మారిన రోజే పేరు కూడా మార్చండి. మూడు నెలలకోసారి ఆ బాధ్యులందరినీ అరగంట కూర్చోబెట్టి, తమ పేజీని తమ ఫోన్‌లో తెరిచి మొదటి వరుస నుంచి చివరి వరుసదాకా చదవమనండి.